భూకంప సూచనయు, దాని పరీక్షయు

భూకంపమునకు ముందు భూమి యేదేని సూచన చేయునా? గ్రీసుదేశమున నీ ప్రశ్న స్ఫటికముల విచారణనుండి పుట్టినది. ఉప్పు మొదలగు స్ఫటికములలో పరమాణువులు వరుసదీరి యుండును గాని, యక్కడక్కడ కొన్ని స్థానములు ఖాళీగా నుండును. అట్టి లోపము కలుగుటకు వలయు శక్తికిని స్ఫటికముయొక్క స్థితిస్థాపకతకును సంబంధము కలదని వరొత్సోసు, అలెక్సోపులోసు అను భౌతికశాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. శిలలపై నొత్తిడి యొక మేరకు పెరిగినచో, లోపములతో గూడిన విద్యుదావేశములు ఒక్క దెసకు తిరిగి స్వల్పప్రవాహము పుట్టవలెనని వారి యూహ.

1981 ఫిబ్రవరిలో కొరింతు సింధుశాఖయొద్ద భూకంపము వచ్చిన పిమ్మట, వారు నోమికోసు అను సహచరునితో గూడి భూమిలో లోహపుకడ్డీలు పాతి యా ప్రవాహములను వెదకిరి. తమ సూచనలు కొన్ని ఫలించినవని ప్రకటించిరి. కర్మాగారముల విద్యుత్తుకూడ నట్టి గుర్తులనే కలిగింపగలదనియు, ఫలించినవి కాకతాళీయములు కావచ్చుననియు నితరులు వాదించిరి. 1995లో లండను రాయల్ సొసైటీలో చర్చ జరిగినను వివాదము తీరలేదు.

ప్రాణములకు సంబంధించిన యీ వాదమును మేము తేలికగా చూడము. తగిలిన జోస్యమును చాటి, తప్పినదానిని మరచుట మన యిండ్లలోను కలదు. స్థలము, కాలము, ప్రమాణము ముందుగా వ్రాసి, తప్పినవానినిగూడ లెక్కించినప్పుడే సూచన శాస్త్రమగును. 1999 సెప్టెంబరు 7వ తేదీన ఏథెన్సు సమీపమున వచ్చిన భూకంపమువలన 143 మంది మృతినొందిరి. వారి ప్రాణములు తీసినవి ముఖ్యముగా కూలిన కట్టడములే. సూచన శాస్త్రమగువరకు, చక్కగా కట్టిన యిల్లే మనుష్యునకు రక్ష.