మార్లవాయి బడి నుంచి డ్రా చీటీ దాకా

జైనూర్ మండలంలో ఎండాకాలం వచ్చిందంటే తల్లిదండ్రులు ఉపాధ్యాయులను అడిగే మాట ఒకటే: "సార్, డ్రా ఎప్పుడు?" సర్కారే ఫీజు కట్టి ఆదివాసీ పిల్లలను ప్రైవేటు బడిలో చదివించే బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం డ్రా అది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకొని మీసేవ చుట్టూ తిరుగుతారు. పిల్లవాడి పేరు వస్తే ఇంట్లో పండుగే. రాకపోతే "మా నసీబు ఇంతే" అని పోడు చేనుకు పోతారు.

పిల్లల చదువు నసీబు మీద ఎట్లా నిలబడింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఎనభై ఏళ్లు వెనక్కి పోవాలి. దూరం పోనక్కర లేదు. మన మండలంలోనే ఉన్న మార్లవాయి దాకా పోతే చాలు. సర్కారు సొమ్ముతో ఆదివాసీ పిల్లల చదువు ఎన్ని రకాలుగా నడిచిందో, ప్రతిసారీ బడిని ఎవరు ఎంచుకున్నారో యువత, తోటి ఉపాధ్యాయులు తెలుసుకోవాలని మేము ఇది రాస్తున్నాము.

బడి గూడేనికి వచ్చిన కాలం

బడి రాకముందు మనకు చదువు లేదనడం తప్పు. సగల కథలు, పెర్సాపేన్ పుట్టుక, ఏ ఇంటివాళ్లు ఏ ఇంటితో సంబంధం కలుపుకోవాలి అనే నియమాలు పర్ధాన్లు కికిరి వాయిస్తూ తరతరాలకు అందించారు. లేనిది కాగితం చదువు. ఆ కాగితం చదువు లేకనే భూమి పోయింది. పట్టా ఎవరి పేరు మీద ఉందో, అటవీ హద్దు ఎక్కడ గీశారో, షావుకారు ఏ అంకె మీద వేలిముద్ర వేయించుకున్నాడో మన పెద్దలకు తెలియలేదు. అప్పటి హైదరాబాద్ రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, అంగడి భాష మరాఠీ, ఇంటి భాష గోండి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత గోండుల బాధ ఏమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆ పని మీద వచ్చిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మకాం పెట్టారు. భూమి పట్టాలతో పాటు బడి కూడా కావాలని ఆయన ప్రభుత్వానికి చెప్పారు. 1943లో గోండు విద్యా పథకం మొదలైంది. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు.

ఆ పథకంలో మూడు సంగతులు గమనించాలి. మొదటిది, పంతుళ్లు గోండులే. కాస్తో కూస్తో అక్షరం వచ్చిన యువకులను తెచ్చి, శిక్షణ ఇచ్చి, గూడేలకు పంపారు. రెండోది, వాచకాలు గోండి భాషలో రాశారు. ఈ ప్రాంతంలో మరాఠీ వాడకం ఉన్నందున వాటిని దేవనాగరి లిపిలో అచ్చు వేశారు. మూడోది, పిల్లవాడు ఇల్లు విడిచి పోలేదు, బడే గూడేనికి వచ్చింది. అక్కడ శిక్షణ పొందినవాళ్లలో కొందరు తర్వాత సర్కారు కొలువుల్లో చేరారు. అంటే మన ఊరి కాగితం మనవాడే చదివే రోజు వచ్చింది. గిరిజనుల కోసం నియమించిన అధికారి సేతుమాధవరావు పగడి కూడా గోండి నేర్చుకొని, ఆ భాష గురించి పుస్తకం రాశారు. భాష రాని అధికారి మేలు చేయలేడని వాళ్లు గుర్తించారు.

ఆ పథకం ఎక్కువ కాలం అట్లాగే నిలవలేదు. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి. బడి భాష తెలుగైంది, గోండి వాచకాలు మూలకు పడ్డాయి. అదే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది అంటుంది. కాగితం మీద హక్కు వచ్చిన ఏడాదే గూడెంలో ఆ హక్కుకు బలం తగ్గింది.

పిల్లవాడు హాస్టలుకు పోయిన కాలం

తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. గూడేలు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి, వానాకాలం వాగులు దాటలేరు, కాబట్టి పిల్లలను ఒకచోట ఉంచి చదివించాలన్నది దీని వెనక ఆలోచన. అందులో నిజం ఉంది. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో ఐటీడీఏలు ఏర్పడి, ఉట్నూరు కేంద్రంగా ఈ బడులు పెరిగాయి. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచారు. అదే బాటలో గిరిజన గురుకులాలు వచ్చాయి. నేడు ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష రాయని గూడెం మా ఎరుకలో తక్కువ.

ఆశ్రమ పాఠశాల పుణ్యాన అన్నం, పుస్తకం, పదో తరగతి అందాయి. ఈ సంచికలో రాసేవాళ్లలో, చదివేవాళ్లలో చాలామందిమి ఆ అన్నం తిన్నవాళ్లమే. దాని ఖరీదు కూడా చెప్పుకోవాలి. ఆరేళ్ల పిల్లవాడు ఇంటి భాష వదిలి తెలుగు బడిలో కూర్చుంటాడు. పంతులు అడిగింది అర్థం కాక మౌనంగా ఉంటే మొద్దు అని పేరు పడుతుంది. దండారి నాటికి ఊళ్లో ఉండడు. వంశం కథ వినే వయసులో హాస్టలు గంట వింటాడు.

ఈ లోటు తీర్చడానికి రెండు ప్రయత్నాలు జరిగాయి. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. మావంటివాళ్లు చాలామంది బడి పంతుళ్లయింది ఆ జీవో వల్లనే. 2004 ప్రాంతంలో గోండి, కోలామి, కోయ, సవర వంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారు చేసి, కొన్ని బడుల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. రెండూ మార్లవాయి ఆలోచనకు కొనసాగింపే. బహుభాషా విద్య క్రమంగా నీరసించింది. జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

చీటీ మీద చదువు

ఇక మూడో రకం. సర్కారు బడి పెట్టదు, పిల్లవాడి తరఫున ప్రైవేటు బడికి ఫీజు కడుతుంది. దీనికి మన దగ్గర పాత ఉదాహరణ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. ఆ బడి 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం జాగీర్దార్ కాలేజీగా పుట్టింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక పబ్లిక్ స్కూలుగా మారింది. నేడు గిరిజన సంక్షేమ శాఖ దరఖాస్తులు పిలిచి, డ్రా తీసి, అక్కడ ఒకటో తరగతిలో ఎస్టీ పిల్లలను చేర్పిస్తుంది. జాగీర్దారు కొడుకు కూర్చున్న బెంచీ మీద గోండు బిడ్డ కూర్చోవడం చిన్న సంగతి కాదు. దాన్ని తక్కువ చేసి చూడొద్దు. కానీ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.

బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం అంతకంటే పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచే ఉంది. ఆదాయ పరిమితికి లోబడిన ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలను డ్రా తీసి, జిల్లా అధికారులు ఎంపిక చేసిన ప్రైవేటు బడుల్లో చేర్పిస్తారు. ఫీజు, హాస్టలు ఖర్చు ప్రభుత్వం కడుతుంది.

ఇటువంటిదే ఇంకొకటి విద్యాహక్కు చట్టంలో ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉండే పేద, వెనుకబడిన కుటుంబాల పిల్లలకు ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మన రాష్ట్రంలో అది ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. అమలైనా "చుట్టుపక్కల" అనే మాట పట్నం బస్తీకి పనికొస్తుంది గానీ, చుట్టుపక్కల ప్రైవేటు బడే లేని కోలాం గూడేనికి పనికిరాదు.

ఈ ఆలోచన మన దేశంలో పుట్టింది కాదు. 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ దీన్ని ప్రతిపాదించాడు. ప్రభుత్వం బడికి కాకుండా తల్లిదండ్రులకు చదువు చీటీ ఇవ్వాలి, వాళ్లు నచ్చిన బడిలో ఆ చీటీ చెల్లిస్తారు, పిల్లల కోసం బడులు పోటీ పడి బాగుపడతాయి అన్నాడు. చిలీ దేశం 1981లో ఇటువంటిది మొదలుపెట్టింది, అమెరికాలోని మిల్వాకీ నగరం 1990లో పేద కుటుంబాల కోసం మొదలుపెట్టింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దీని మీద పెద్ద పరిశోధన జరిగింది. 2008 నుంచి నాలుగేళ్ల పాటు 5 జిల్లాల్లో, 180 ఊళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన పని అది. దరఖాస్తు చేసిన సర్కారు బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి, ప్రైవేటు బడికి పోయేందుకు చీటీ ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో చీటీ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం చీటీ వచ్చినవాళ్లు బాగా ముందున్నారు. ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. కొందరు వెళ్లిపోయినందువల్ల సర్కారు బడిలో మిగిలిన పిల్లల చదువుకు నష్టం కూడా కనబడలేదు.

ఈ ఫలితం ఇరువైపుల వాళ్లూ వినాలి. ప్రైవేటు బడిలో చేరితే చాలు తెలివి పెరుగుతుందనేవాళ్లు తెలుగు, లెక్కల సంగతి చూడాలి. సర్కారు బడి మీద అంత ఖర్చు పెట్టి సమానంగానే ఎందుకు నిలిచామని ఉపాధ్యాయులమైన మేము కూడా ఆలోచించుకోవాలి. ఆ 5 జిల్లాల్లో ఆదిలాబాద్ లేదు. గోండి, కోలామి ఇంటి భాషగా ఉన్న మన పిల్లవాడు ఒక్కసారిగా ఇంగ్లిషు బడిలో పడితే ఏమవుతుందో ఆ పరిశోధన చెప్పదు. అది చెప్పగలిగింది బడిలో వాళ్లతో గడిపే మనమే.

ఎవరు ఎంచుకున్నారు?

ఈ పథకాలను పొగిడేవాళ్లు "తల్లిదండ్రులకు ఎంపిక" అంటారు. మన మండలంలో జరిగేది నిదానంగా చూద్దాం. బడుల జాబితా తయారు చేసేది అధికారులు. పిల్లవాణ్ని ఎంచేది చీటీ. తండ్రి ఎంచుకునేది ఒక్కటే, దరఖాస్తు పెట్టడమా మానడమా అని. దానికీ నోటిఫికేషన్ వచ్చిన సంగతి తెలియాలి, పత్రాలు గడువులోగా చేతికి రావాలి. ఫోను సిగ్నల్ అందని గూడేల నుంచి, కోలాం, తోటి ఇళ్ల నుంచి దరఖాస్తులు తక్కువ రావడం మేము ప్రతి ఏడూ చూస్తున్నాము. దరఖాస్తే పెట్టనివాడికి నసీబు కూడా లేదు.

చేరిన తర్వాత ఇంకో కష్టం. సొమ్ము సర్కారుది, బడి ప్రైవేటుది. సొమ్ము ఆగితే నలిగేది పిల్లవాడు. 2025 దసరా సెలవుల తర్వాత బకాయిలు రాలేదని తెలంగాణలో అనేక ప్రైవేటు బడులు ఈ పథకం పిల్లలను లోపలికి రానివ్వలేదు. తల్లిదండ్రులు కలెక్టరేట్ల ముందు కూర్చోవలసి వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో కూర బాగా లేకపోవచ్చు గానీ, బిల్లు రాలేదని పిల్లవాణ్ని గేటు బయట నిలబెట్టరు.

అట్లాగని దరఖాస్తు పెట్టిన తల్లిదండ్రులను తప్పు పట్టడం న్యాయం కాదు. ఒకే పంతులు ఐదు తరగతులు చూసుకునే బడి ఎదురుగా ఉంటే ఎవరైనా వేరే దారి వెతుకుతారు. ఉద్యోగాలున్న ఆదివాసీలం మనలో ఎందరం పిల్లలను గూడెం బడిలో వేశాం? మనకు జీతం ఇచ్చిన ఎంపికే ఆ తండ్రి చీటీలో వెతుక్కుంటున్నాడు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది. అయినా డ్రా కోసం అడిగేవాళ్లు మా దగ్గర తగ్గలేదు. అంటే వాళ్లు వెతికేది ఒక్క ఇంగ్లిషు కాదు. తరగతికి ఒక పంతులు ఉండాలి, రోజూ బడి నడవాలి, పిల్లవాడి పేరు పట్టి పిలిచేవాళ్లు ఉండాలి.

మనం చేయవలసినవి

డ్రా ఉన్నన్నాళ్లు అది మన హక్కు. దాన్ని వదులుకోవద్దు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వేసవి సెలవుల్లో గూడెం గూడెం తిరిగి, నోటిఫికేషన్ గోండిలో, కోలామిలో చెప్పాలి. ధ్రువపత్రాలు ముందే తీయించాలి. చేరబోయే బడి ఎక్కడుంది, హాస్టలు ఎట్లా ఉంది, ఆడపిల్లలకు వార్డెన్ ఉందా, నిరుటి బకాయిలు వచ్చాయా అని తల్లిదండ్రుల తరఫున అడగాలి. సీటు వచ్చిన పిల్లవాడు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వాడితో ఇంగ్లిషు మాట్లాడించి మురిసిపోవడం సరే, తాత పక్కన కూర్చోబెట్టి కథ కూడా వినిపించాలి.

సీటు రాని పిల్లలే ఎప్పుడూ ఎక్కువ. వాళ్ల చదువు గూడెం బడిలోనే నడవాలి. మార్లవాయి పథకం 1943లోనే మూడు పనులు చేసి చూపింది. మన భాష తెలిసిన పంతులు, మన భాషలో మొదటి వాచకం, నడిచిపోయే దూరంలో బడి. నేడు గుంజాల గోండి లిపి కంప్యూటర్‌లోకి కూడా వచ్చింది. డీఎడ్ చదివిన మన యువత ఊరూరా ఉంది. అప్పుడు లేనివి ఇప్పుడు చాలా ఉన్నాయి. సర్కారును పట్టి అడిగే పట్టుదల ఉంటే మిగిలింది సాధించవచ్చు.

పెసా చట్టం ఇచ్చిన గ్రామసభ, మన పెద్దలు నిలిపిన రాయి సెంటర్ ఇందుకు పనికివస్తాయి. రాబోయే జూన్‌లో ప్రతి గూడెంలో రెండు జాబితాలు రాయండి. డ్రాకు దరఖాస్తు పెట్టిన పిల్లల పేర్లు ఒక పక్క, మన బడిలో ఖాళీగా ఉన్న పంతుళ్ల పోస్టులు రెండో పక్క. రెండూ ఒకే కాగితం మీద రాసి, గ్రామసభలో చదివి, సంతకాలు పెట్టి ఉట్నూరు ఐటీడీఏకు ఇవ్వండి. దాని నకలు ఒకటి బడిలో భద్రంగా ఉంచండి.