స్లోలో నిలబడని బండి

‘‘అన్నా, బండి స్లోలో నిలబడట్లేదు.’’

‘‘చోక్ వేస్తే?’’

‘‘నిలబడుతోంది. తీసేస్తే ఆగిపోతోంది.’’

ఈ రెండు ముక్కలు చాలు. పాతకాలం మెకానిక్ బండి ముట్టుకోకుండానే కార్బొరేటర్‌లోని పైలట్ జెట్టు మూసుకుపోయిందని పట్టేసేవాడు. వేలి చివర ఇమిడే ఇత్తడి ముక్క అది. దాని మధ్యలో ఉన్న రంధ్రం చాలా బళ్లలో అర మిల్లీమీటరైనా ఉండదు. యాక్సిలరేటర్ వదిలేశాక ఇంజను బతికేది దాదాపుగా ఆ రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు మీదే. అన్నిటికన్నా సన్నటి దారి కాబట్టి మొదట పూడుకునేదీ అదే.

ఫ్లోటు గిన్నెలో పెట్రోలు నిలవబెట్టి, సన్నటి గొట్టంలోంచి గాలిలోకి చిమ్మించే ఈ కార్బొరేటర్ పద్ధతి 1893లో రూపుకట్టింది. జర్మనీలో మేబాక్, హంగరీలో బాంకి, చోంకా ఒకే కాలంలో దాని మీద పనిచేశారు. 1927లో బర్మింగ్‌హామ్‌లో మూడు కార్బొరేటర్ కంపెనీలు కలిసి ఆమల్ అయ్యాయి. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో పుట్టింది. మద్రాసులో తయారైన తొలితరం బుల్లెట్లతో పాటు ఆమల్ కార్బొరేటర్ మన షెడ్లలోకి వచ్చింది. 1960ల్లో మైసూరు జావాలతో చెకొస్లొవేకియా జికోవ్ కార్బొరేటర్ వచ్చింది.

ఆమల్‌తో వచ్చే చిక్కు వేరే ఉండేది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా ఏళ్ల తరబడి కిందికీ పైకీ జారి జారి స్లైడూ, అది కదిలే గూడూ అరిగిపోయేవి. ఆ సందులోంచి దొంగగాలి దూరితే ఏ స్క్రూ తిప్పినా స్లో కుదరదు. జెట్లు ఎన్నిసార్లు కడిగినా వృథాయే. ముందు స్లైడు తీసి, వేలితో తడిమి, అరుగుదల చూసినవాడే అసలు పనివాడు.

జావా, యెజ్డి, రాజ్‌దూత్‌ల గొడవ నూనెతో. టూస్ట్రోక్ బళ్లు కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. నెల రోజులు కదలకుండా పడి ఉంటే పెట్రోలు ఆవిరైపోయి, ఆయిల్ జిగురులా జెట్టుకు పట్టేసేది. జాగ్రత్త తెలిసినవాళ్లు ఇంటికి వందగజాల ముందే పెట్రోల్ కాక్ కట్టేసి, గిన్నెలో మిగిలిన పెట్రోలుతోనే గుమ్మం చేరేవారు.

చాలా షెడ్లలో కొత్తగా చేరిన కుర్రాడికి మొదట అప్పగించేది జెట్లు కడిగే పనే. పాత డబ్బా మూతలో పెట్రోలు పోసి, జెట్లు విప్పి నానబెట్టి, నోటితో ఊది, ఎండకేసి పట్టుకుని ఒంటికన్నుతో చూడాలి. గుండ్రంగా వెలుతురు చుక్క కనబడాలి. కనబడకపోతే కరెంటు వైరులోంచి లాగిన ఒక్క రాగిపోగు దూర్చాలి. ఇనుప తీగ వాడితే దెబ్బలు తప్పవు: ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది, ఆ జెట్టు ఇక పనికిరాదు.

ఆ తర్వాతిదంతా చెవి పని. ఇంజను వేడెక్కాక స్లో స్క్రూతో కాస్త రేసు పెంచి, ఎయిర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, శబ్దం ఎక్కడ చురుగ్గా లేస్తుందో అక్కడ ఆపి, మళ్లీ రేసు దించాలి. కొలిచే పరికరం ఏదీ లేదు. ఇంత సూక్ష్మమైన పనిని వేలమంది కేవలం విని నేర్చుకున్నారంటే అది చిన్న విద్య కాదు.

1985లో ఆర్‌ఎక్స్ 100, సీడీ 100 వచ్చాక జపాన్ కార్బొరేటర్ల కాలం ఊపందుకుంది. పనివాళ్లు ఇంకో భేదం గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది. ఎయిర్ ఫిల్టరు వైపున్న స్క్రూ గాలిది, బిగిస్తే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. ఇంజను వైపుంటే అది పెట్రోలుది, బిగిస్తే పాలు తగ్గుతుంది. తిరగేసి తిప్పితే బండి ఇంకా మొండికేస్తుంది.

2006లో గ్లామర్ ఎఫ్‌ఐతో ఇంజెక్షన్ మన మామూలు బళ్లలోకి అడుగుపెట్టింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధన వచ్చేసరికి కొత్త మోటార్‌సైకిళ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. కానీ పాత స్ప్లెండర్లు, బుల్లెట్లు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. వాటిలో పోసే పెట్రోల్లో ఇప్పుడు ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే వానాకాలమంతా మూలన పడి ఉన్న బండి వస్తే మెకానిక్ ముందు జెట్ల జోలికి పోడు. ఫ్లోటు గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కింద గాజుసీసా పట్టి, అడుగున నీళ్లు పేరుకుంటున్నాయేమో చూస్తాడు.