కటువైన ప్రశ్న, పక్షపాత ప్రశ్న: టీవీ ఇంటర్వ్యూల కొలతపై ఒక పరిశీలన

మన అభిమాన నాయకుణ్ణి యాంకర్ నిలదీస్తే కక్ష అంటాం, ప్రత్యర్థిని నిలదీస్తే ధైర్యం అంటాం. ఈ తీర్పుకు ఆధారం ప్రశ్నలో ఉందా, చూసేవారి అభిమానంలో ఉందా? కటుత్వం, పక్షపాతం వేర్వేరు గుణాలని, మొదటిది ఒక్క ఇంటర్వ్యూలోనే కనబడినా రెండోది పోలికలో తప్ప తేలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఒక్క ఇంటర్వ్యూ ఎందుకు చాలదు

1997 మే 13న బీబీసీ ‘న్యూస్‌నైట్’లో జెరెమీ పాక్స్‌మన్, బ్రిటన్ మాజీ హోంమంత్రి మైకేల్ హోవర్డ్‌ను ఒకే ప్రశ్న దాదాపు 12 సార్లు అడిగారు. జైళ్ళ శాఖ అధిపతి డెరెక్ లూయిస్ నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా అన్నదే ఆ ప్రశ్న. సూటి జవాబు రాలేదు. ఇది హోవర్డ్‌కు చెందిన కన్సర్వేటివ్ పార్టీ మీద ద్వేషానికి రుజువు కాదు. తరువాతి కథనం టేపు సిద్ధం కాకపోవడం వల్లే పొడిగించానని పాక్స్‌మన్ ఆ తరువాత చెప్పారు. వేరే పార్టీ నాయకులు దాటవేసినప్పుడు ఆయన ఎంత పట్టుబట్టారో దీనితో పోల్చి చూస్తేనే పక్షపాతం మాట ఎత్తగలం.

2. ఏది కొలవాలి

యార్క్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ బుల్ కొలతకు పునాదిగా తీసుకున్నది పరువును. నాయకుడు తన పరువునే కాదు, పార్టీ పరువునూ తనవాళ్ళ పరువునూ కాచుకోవాలి. ఏ జవాబు చెప్పినా వీటిలో ఏదో ఒకటి దెబ్బతినే ప్రశ్న అతణ్ణి ఇరుకున పెడుతుంది. అప్పుడే పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడతాడు. మొత్తం ప్రశ్నల్లో ఇలాంటివి ఎంత శాతమో అదే కటుత్వం. ఆ శాతం పార్టీని బట్టి మారకపోతే తటస్థత. గొంతు హెచ్చుతగ్గులను, అడ్డుతగలడాన్ని లెక్కపెట్టడం కన్నా ఇది నమ్మదగిన కొలత.

3. తేడా కనబడినా తొందరపడరాదు

అమెరికా అధ్యక్షుల విలేకరుల సమావేశాల్లో 1953 నుంచి 2000 వరకు అడిగిన ప్రశ్నలను స్టీవెన్ క్లేమన్, జాన్ హెరిటేజ్ బృందం పరిశీలించింది. నిరుద్యోగం పెరుగుతున్నప్పుడు ప్రశ్నలు పదునెక్కాయి. విదేశాంగం కన్నా దేశీయ విషయాల్లో ఎక్కువ గట్టిగా అడిగారు. పదునుకు పరిస్థితీ, అంశమూ కారణాలు కాగలవన్నమాట. కాబట్టి అధికార పక్షాన్ని అధికార పక్షంతో, కరువు కాలాన్ని కరువు కాలంతోనే పోల్చాలి.

4. తెలుగుకు అన్వయం

ఈ పద్ధతులు ఇంగ్లీషు ప్రశ్నలను బట్టి పుట్టాయి. తెలుగు యాంకర్ల ప్రశ్నలకు వాటిని యథాతథంగా అతికించలేం. ‘కదా’నే చూద్దాం. ‘మీరు వచ్చాకే నీళ్ళు ఆగిపోయాయి కదా?’ అంటే నిలదీత. ‘మీరు వచ్చాకే నీళ్ళు పారాయి కదా?’ అంటే ఊతం. వాక్య రూపం ఒకటే, పని తలకిందులు. ‘మీకు ముందే తెలియదా?’ అన్నది పలికే తీరును బట్టి సందేహమూ కావచ్చు, నిందా కావచ్చు. అందుకే రాతప్రతి చాలదు, గొంతూ వినాలి. నిలదీసే ప్రశ్నలతో పాటు ఊతమిచ్చే ప్రశ్నలనూ లెక్కించాలి. పక్షపాతం ఒకరిని నొక్కడంలోనే కాదు, మరొకరికి మెత్త వేయడంలోనూ ఉంటుంది.

ఈ వర్గీకరణను ఇద్దరు విడివిడిగా చేయాలి. రెండే వర్గాలుంటే నాణెం ఎగరేసి రాసినా ఇద్దరి తీర్పులు సగం సార్లు కలుస్తాయి. అలా యాదృచ్ఛికంగా కుదిరిన అంగీకారాన్ని తీసివేసి చూసేదే 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన ‘కప్పా’ గుణకం.

5. ముగింపు

కొలత లేనిచోట ‘పక్షపాతి’ అన్న మాట అందరికంటే ముందు తగిలేది గట్టిగా అడిగేవారికే. అన్ని పార్టీల నాయకులనూ సమానంగా ఇరుకున పెట్టిన యాంకర్‌కు ఆ నింద నుంచి రక్షణ ఈ లెక్కే. ఒక పక్షానికే పరుపు పరిచిన వారిని బయటపెట్టేదీ ఇదే. నాయకులను ముఖాముఖి ప్రశ్నించే అవకాశం లేని ఓటరు తరఫున యాంకర్ అడుగుతున్నారు. ఆ ప్రశ్న ఎవరి పక్షాన పడుతున్నదో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉంది.