చిగురుపన్ను నుండి తేనె బీరు వరకు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు, సింహాచలం శాసనాల మీదనో, విశాఖ రేవు మీదనో వ్రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను బీరు మీద వ్రాస్తున్నాను. సభ్యులు, ముఖ్యంగా సభ్యుల శ్రీమతులు మన్నించాలి.

ఆ మధ్య హైదరాబాదులో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. ఉద్యోగంలో చేరిన మనుమడు ఒక సాయంత్రం, "తాతయ్యా, అక్కడే తయారుచేసి అక్కడే పోస్తారు, ఒకసారి చూద్దువు గాని రా" అని ఒక మైక్రోబ్రూవరీకి తీసుకుపోయాడు. ఇటువంటి వాటికి తెలంగాణ ప్రభుత్వం 2015లో నిబంధనలు చేసింది. అద్దాల వెనుక మనిషి ఎత్తు స్టీలు పీపాలు. రుచి చూడటానికి చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు పెట్టారు. ఒకటి తేనె కలిపినది. లేత పసుపు రంగు, పైన పలుచని నురుగు. డాక్టరు గారిని తలచుకుంటూ రెండు గుక్కలు త్రాగాను.

తియ్యగా ఉంటుందనుకున్నాను. లేదు. ముక్కుకు తేనె వాసన, నాలుకకు కాల్చిన రొట్టె వంటి రుచి, చివర కొద్దిగా చేదు. అడిగితే అక్కడి కుర్రవాడు ఓపికగా చెప్పాడు. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టిన మాల్టును వేడి నీళ్ళలో నానబెడతారు. ఆ తీపి నీటిని హాప్స్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. తేనె దాదాపు అంతా చక్కెరే గనుక ఈస్టు దానిని తినేస్తుంది. తీపి పోయి వాసన మిగులుతుంది, బీరు పలుచబడుతుంది. ఎక్కువ మరిగితే ఆ వాసన కూడా పోతుందని తేనెను ఆఖరున వేస్తారట. "ఎక్కడి తేనె బాబూ?" అన్నాను. సప్లయరు పంపిస్తాడన్నాడు.

రెండో గుక్కకే నాకు జీలుగు కల్లు గుర్తుకు వచ్చింది. మన పెందుర్తి వారికి ఏజెన్సీ దూరం కాదు, అరకు రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో అక్కడ కొంతకాలం పనిచేశాను. తెల్లవారి జీలుగు చెట్టు కింద ఊరివాళ్ళు చేరేవారు. పైనుండి దించిన కుండలోని కల్లును ఆనప బుర్రతో ముంచి, వరుసలో అందరికీ ఆకు దొప్పల్లో పోసేవారు. గుమాస్తానని నాకు ముందు పోయలేదు, నా వంతు వచ్చినప్పుడే పోశారు. అప్పుడే దించిన కల్లు తేలికగా, తీపిగా ఉండేది. మధ్యాహ్నానికి పులిసి మరో రకమయ్యేది.

ఆ చెట్టు కింద వంతుకు పెద్ద చరిత్రే ఉంది. గోదావరి ఏజెన్సీలోని రంప ప్రాంతంలో మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. పేరు చూడండి, ఆకుల మీద పన్ను అనుకుంటాం. అది చాలదన్నట్టు ఆంగ్ల ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి వాడుకకు కూడా అనుమతి లేనిదే కల్లు గీయరాదని, కల్లు ఆదాయాన్ని కాంట్రాక్టర్లకు గుత్తకిచ్చింది. మైదానం నుండి వచ్చిన గుత్తేదారులు, వారి వెనుక పోలీసులు. 1879 మార్చిలో కొండలు తిరగబడ్డాయి. ఆ తిరుగుబాటు అప్పటి మన విశాఖ జిల్లాలోని గొలుగొండకు, ఆపైన భద్రాచలం వైపుకు పాకింది. ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు దిగవలసి వచ్చింది. నాయకులు ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర 1880లో చనిపోయారు. అల్లూరి సీతారామరాజు పోరాటానికి నలభై ఏళ్ళకు ముందు మాట ఇది. కల్లు ఒక్కటే కారణమని నేననను, కాని మొదటి కారణాల్లో అది ఉంది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడని ఒక అధికారి ఉన్నాడు, మన ఎక్సైజు సూపరింటెండెంటు అనుకోండి. వెలగ, ఫాణితం, తేనె కలిపి చేసే ఆసవం పాళ్ళు సహా అందులో ఇచ్చారు. అంత కట్టుదిట్టమైన గ్రంథం కూడా, శుభకార్యాలకు గృహస్థు తన ఇంట సుర చేసుకోవచ్చునని వదిలిపెట్టింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం దగ్గర ఆ ఉదారత కనిపించదు.

తరువాతి సంగతి చాలా మందికి తెలిసినదే. రాజాజీ 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. మా ఈడు వాళ్ళం పుట్టినది నిషేధంలోనే. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఈ విషయం మీదే ఒక్క ఓటుతో పడిపోయింది. గీత కార్మికుల పక్షాన మన ఉత్తరాంధ్ర వారైన గౌతు లచ్చన్న గారు నిలిచారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాను తరిమారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సడలించారు. ఆ మహిళలది తప్పని నేనెన్నడూ అనను. సారా ప్యాకెట్లు ఏ ఇళ్ళను ఏం చేశాయో మా వీధిలోనే చూశాను.

ఆ నిషేధం రోజుల్లో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పంచనామా ప్రతులు శుభ్రంగా వ్రాసే పని నాకు పడింది. ఒక కాగితం ఇప్పటికీ మరువలేదు. కొండ నుండి వచ్చిన ముసలామె. ఇప్పసారా రెండు సీసాలు. ఇంట్లో పెళ్ళికి కాచుకున్నానని చెప్పిందట. ఆ మాట వ్రాయాలా అని అడిగాను, అవసరం లేదన్నారు. వ్రాయలేదు. కింద ఆమె వేలిముద్ర వేయించారు. నా చేతివ్రాత బాగుంటుందని ఆ రోజు మెచ్చుకున్నారు కూడా.

మనుమడికి ఇదంతా చెప్పాను. వాడు ఫోను పక్కన పెట్టి విన్నాడు. "ఆమెకు ఏమయింది తాతయ్యా?" అని అడిగాడు. ఫైలు పై ఆఫీసుకు వెళ్ళిపోయింది, నాకు తెలియదన్నాను.

గ్లాసులో సగం అలాగే ఉంచి లేచాను. బయటకు వచ్చే దారిలో గోడకు లైసెన్సును ఫ్రేము కట్టించి వేలాడదీశారు. అలవాటు కొద్దీ కళ్ళజోడు సవరించుకుని తారీఖు, ముద్ర, సంతకం చూశాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి.