సరిహద్దులు - సంఖ్యలు: వెబ్ పటాల్లో నిజామాబాద్ జిల్లా చరిత్ర

1. ఉపోద్ఘాతం

జనాభా, సాగునీరు, అక్షరాస్యత వంటి గణాంకాలను పటం మీద చూపే వెబ్ సాధనాలు సామాజిక చరిత్ర పరిశోధనకు ఎంతో ఉపయోగపడుతున్నాయి. వీటిలో పరిశోధకుడు తాను సిద్ధం చేసుకున్న పటచిత్రాన్ని కూడా చేర్చుకోవచ్చు. పటంలో ఒక ప్రాంతంపై నొక్కితే దాని అంకెలు కనిపిస్తాయి. అయితే పటం ఏ కాలానిది, అంకెలు ఏ కాలానివి అని సాధనం తనంతట తాను అడగదు. ఆ ప్రశ్న పరిశోధకుడే వేసుకోవాలి. ఎడపల్లి మండలం ఉన్న నిజామాబాద్ జిల్లా ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మారుతూ వచ్చిన జిల్లా

ఇందూరు జిల్లా 1905 పునర్వ్యవస్థీకరణలో నిజామాబాద్ అయింది. 1956లో నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇందులో చేరాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కాబట్టి 1981 జనగణనలో ఎడపల్లి మండలం పేరిట అంకెలు దొరకవు. గ్రామాల అంకెలను కూడుకోవలసిందే. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది.

3. అంకెల్లో పొరపాటు

2011 జనగణన నాటికి ఉమ్మడి జిల్లా జనాభా 25,51,335. వైశాల్యం 7,956 చదరపు కిలోమీటర్లు. జనసాంద్రత సుమారు 321. అదే జనగణనను నేటి సరిహద్దులకు సర్దితే జనాభా 15,71,022; వైశాల్యం 4,288; జనసాంద్రత సుమారు 366. పాత జనాభాను కొత్త పటానికి జోడిస్తే సాంద్రత 595కు చేరుతుంది. తెర మీద మాత్రం ఏ లోపమూ కనిపించదు. జిల్లా పేరు రెండు చోట్లా ఒకటే కావడమే ఇందుకు కారణం.

4. పటం విడదీసిన నీటి చరిత్ర

మంజీరపై 1923-1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్ నేడు కామారెడ్డి జిల్లాలో ఉంది. దాని కాలువల ఆధారంగా చెరకు సాగు విస్తరించిన బోధన్ ప్రాంతం, 1937లో అక్కడ నెలకొల్పిన చక్కెర కర్మాగారం నిజామాబాద్ జిల్లాలో ఉన్నాయి. నేటి జిల్లాల పటంపై సాగునీటి చరిత్రను చూపితే జలాశయం ఒకవైపు, పొలాలు మరొకవైపు పడతాయి. ఇక్కడ పాత కాలువల పటమే సరైన ఆధారం.

అయితే పాత కాగితం ముడతలు పడి, స్కానింగులో కొంత ఒరిగి ఉంటుంది. రెండు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చినంత మాత్రాన అది నేలకు సరిపోదు. స్థిరమైన గుర్తులను అనేకం ఎంచుకొని పటాన్ని సరిచేయాలి. ఇందుకు దారి మార్చుకునే నదీతీరం కంటే జానకంపేట రైల్వే జంక్షన్, ఆనకట్ట వంటివి నమ్మదగినవి.

5. ముగింపు

ప్రతి పటానికీ, ప్రతి గణాంక పట్టికకూ సరిహద్దుల సంవత్సరాన్ని తప్పక జతచేయాలి. జిల్లా, తాలూకా, మండలం మారినా గ్రామం చాలావరకు నిలిచి ఉంటుంది కనుక గ్రామాన్నే మూలప్రమాణంగా తీసుకొని, ఏ కాలంలో ఏ విభాగంలో ఉందో నమోదు చేయడం మేలు. ఈ జాగ్రత్త లోపిస్తే సరిహద్దుల మార్పే సమాజంలో వచ్చిన మార్పుగా చరిత్రలోకి ఎక్కుతుంది.