నీరు పల్లమెరుగును
(ఆంగ్లదేశపు చిత్తడి నేలల చరిత్ర – మన కొల్లేరు)

"నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును" అని మన పెద్దల సామెత. పల్లమునకు నీరు చేరుట ప్రకృతిధర్మము. ఆ నీటిని తోడివేసి అడుగుననున్న నేలను సాగులోనికి తెచ్చుకొనుట మానవుని ప్రయత్నము. ఈ రెంటికిని నడుమ జరిగిన పెనుగులాటయే లోకమునందలి పల్లపు దేశముల చరిత్రలో పెద్దభాగము. ఇందు గెలుపెవ్వరిదో ఒక పంటతోను, ఒక తరముతోను తేలునది కాదు. ఇంగ్లండు దేశపు తూర్పుభాగమున ఫెన్సు అను పల్లపుసీమ కలదు. అచటి నీటికిని మనుష్యునికిని జరిగిన నాలుగువందల యేండ్ల వ్యవహారము వ్రాతపూర్వకముగ నిలిచియున్నది. దానిని తెలిసికొనుట మన పల్లపుసీమల వారికిని ఉపకరించును.

పూర్వము ఫెన్సు సీమ శీతకాలమున సముద్రమువలెను, వేసవిలో పచ్చికబీడువలెను ఉండెడిది. అచటి జనులు చేపలను, మలుగుచేపలను పట్టుచు, నీటిబాతులను వేటాడుచు, రెల్లు కోసి ఇండ్లు కప్పుకొనుచు, పశువులను మేపుకొనుచు జీవించిరి. పొయ్యిలోనికి కట్టెలకు బదులు నల్లని నేలనే ఇటుకలవలె కోసి ఎండబెట్టి వాడుకొనిరి. ఆ నేలకే పీటు అని పేరు.

పీటు మనము దున్నెడి మట్టి వంటిది కాదు. రెల్లు, జమ్ము, నాచు మొదలగునవి చచ్చి నీటిలో పడి, పూర్తిగ కుళ్లక, పొరమీద పొరగ వేలకొలది సంవత్సరములు పేరుకొనగ ఏర్పడినది. కుళ్లకుండుటకు కారణము నీరే. మొక్కలను జీర్ణము చేసి మట్టిగ మార్చెడి సూక్ష్మజీవులలో వేగముగ పనిచేయునవి గాలిని పీల్చునవి. నీట మునిగిన నేలలో వానికి గాలి అందదు. దుర్యోధనుడు ద్వైపాయన హ్రదమున జలస్తంభన విద్యచే దాగియున్నంతసేపు ఎవ్వరికిని చిక్కలేదు. వెలికి వచ్చిన దినముననే కూలెను. పీటు కథయు నట్టిదే. నీటి మరుగున ఉన్నంతకాలము దానికి చేటులేదు. గాలి సోకిన నాటినుండి దానికి క్షయము ఆరంభమగును.

1630 ప్రాంతమున బెడ్‌ఫర్డ్ ప్రభువును, ఆయనతో కూడిన కొందరు ధనికులును పెట్టుబడిపెట్టి ఈ సీమను ఎండగట్టుటకు పూనుకొనిరి. పనికి ప్రతిఫలముగ 95,000 ఎకరముల భూమి వారికి లభించునట్లు ఒడంబడిక జరిగెను. కార్నీలియస్ వెర్ముయిడెన్ అను డచ్చి ఇంజనీరు పని నడపెను. 1637 నాటికి 21 మైళ్ల పొడవున తిన్నని కాలువ త్రవ్వబడెను. 1651లో దాని ప్రక్కనే మరియొకటి సిద్ధమయ్యెను. చేపలను, రెల్లును, మేతబీళ్లను కోల్పోయిన సామాన్యజనులు గట్లు తెగగొట్టి ఎదిరించిరి. పెట్టుబడి యొకరిది, లాభమొకరిది, నష్టము మాత్రము నోరులేనివారిది అగుట ఏ దేశమునందును క్రొత్త గాదు.

నేల ఎండినది, గోధుమ పండినది, సిరులు పెరిగినవి. అయితే ఎవ్వరును తలపోయని విపత్తొకటి వచ్చిపడెను. నేల కుంగసాగెను. నది కంటె పొలము పల్లమైనప్పుడు పొలములోని నీరు నదికి తనంతట పోదు గదా! నీటిని ఎత్తిపోయుటకు గాలిమరలు నిలిపిరి. నేల మరింత కుంగెను. 19వ శతాబ్దమున ఆవిరి యంత్రములు పెట్టిరి. నేల ఇంకను కుంగెను. పిదప డీజిలు యంత్రములు, విద్యుద్యంత్రములు వచ్చినవి. నేడు ఆ సీమలో పెక్కుచోట్ల పొలములకంటె ఎత్తున నదులు పారుచున్నవి. ఎంత ఎండబెట్టిన అంత కుంగుట, ఎంత కుంగిన అంత తోడవలసి వచ్చుట - ఇది తీరని ఋణమువలె నడచుచున్నది.

ఈ కుంగుబాటును కొలిచి చూపిన సాక్షి యొకటి కలదు. హంటింగ్‌డన్ మండలమున విటిల్సీ మియర్ అను గొప్ప సరస్సు ఉండెడిది. 1851లో లండను నగరపు మహాప్రదర్శనమున ఆప్పోల్డ్ అనునతడు నూతనమైన నీటితోడు యంత్రమును చూపెను. ఆ సంవత్సరముననే అట్టి యంత్రముతో ఆ సరస్సును తోడివేసిరి. అడుగు బురదలో పూర్వకాలపు క్రైస్తవ మఠమునకు చెందిన వెండి ధూపపాత్ర బయల్పడెను. దాచిన వస్తువును నీరెట్లు కాపాడునో దానివలన తెలియవచ్చును. సమీపమున హోమ్ అను గ్రామపు భూస్వామి విలియం వెల్స్, నేల ఎంత కుంగునో చూడదలచి, పీటు పొరను దాటి అడుగు బంకమట్టి వరకు ఒక కంబమును దింపించెను. దాని తల నేలతో సమముగ ఉండెను. మొదట నాటినది దారుస్తంభము. 1851 ప్రాంతమున దానికి బదులు ఇనుప స్తంభమును నిలిపిరి. ఇప్పుడా స్తంభము నేలపై సుమారు 4 మీటర్లు, అనగా 13 అడుగులు, లేచియున్నది. స్తంభము పెరుగలేదు, నేలయే దిగినది. ఆ చోటు నేడు సముద్రమట్టమునకు దాదాపు 9 అడుగులు దిగువనున్నది. గ్రేటు బ్రిటను దీవిలో అంతకంటె పల్లపు నేల లేదు.

దీనిని జమాఖర్చుల రీతిగ చూడవచ్చును. పీటు నేల ఏటికి పెరుగునది సుమారు 1 మిల్లీమీటరు. హోమ్ వద్ద తరిగిన మందమంతయు తిరిగి పేరుకొనవలెనన్న 4,000 ఏండ్లు కావలెను. ఖర్చయినదో, రెండువందల ఏండ్లలోపుననే. మొదటి కొన్ని సంవత్సరములలో నీరు దిగిపోవుటచే నేల అణగెను. తరువాతి నష్టములో కొంత గాలికి ఎగిరిన ధూళి. అధికభాగము సూక్ష్మజీవులు తినివేసినది. వేల యేండ్లనాటి మొక్కలలో నిలువయున్న కర్బనము అట్లు బొగ్గుపులుసు వాయువై ఆకాశమున కలసెను. భూతలములో పీటు నేలలు నూటికి 3 వంతులు మాత్రమే. అయినను లోకమునందలి అడవుల చెట్లన్నిటికంటె హెచ్చు కర్బనమును అవి దాచియున్నవి. వానిని ఎండబెట్టుట ఒక్క గ్రామపు నష్టముతో పోవునది కాదు.

దిద్దుబాటు మెల్లగ ఆరంభమయ్యెను. 1899లో వికెన్ ఫెన్ అనుచోట 2 ఎకరముల చిత్తడి నేలను నేషనల్ ట్రస్టు అను సంస్థ 10 పౌనులకు కొనెను. 1910లో చార్లెస్ రోత్‌షైల్డ్ వుడ్‌వాల్టన్ ఫెన్ అను భాగమును కొని కాపాడెను. ఈ పుణ్యకార్యములలో సైత మొక లోపము కనబడెను. చుట్టుపట్ల పొలములు కుంగిపోగ, కాపాడిన ముక్కలు మెరకలై నిలిచి, వానిలోని నీరు ఇరుగుపొరుగు పల్లములలోనికి జారిపోవసాగెను. చెరువు నడుమ నొక చారెడు నీటిని కాపాడుట సాధ్యము కాదు. చుట్టునున్న నేల కూడ తడిగ ఉండవలెను. కావుననే 1999లో వికెన్‌కు నూరేండ్ల ప్రణాళిక నొకదానిని వేసిరి. 2001లో హోమ్, వుడ్‌వాల్టన్ ఫెన్లను కలుపుచు 3,700 హెక్టార్ల నేలను మరల తడి నేలగ మార్చుటకు గ్రేట్ ఫెన్ అను ఉద్యమము మొదలయ్యెను. మురుగుకాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిమట్టమును ఎత్తుటయే అందు ముఖ్యమైన పని. ఎండగట్టుటకు త్రవ్విన కాలువను పూడ్చుటకు మరియొక తరము పూనుకొనవలసివచ్చుట విధివిలాసము.

నీరు నింపినంత మాత్రమున నేల బ్రదుకునా యని కొందరు శంకింతురు. కెనడా దేశములోని క్విబెక్ రాష్ట్రమున బ్వా-దె-బెల్ అనుచోట పీటును త్రవ్వి తీసికొని 1980లో విడిచిపెట్టిరి. దాదాపు ఇరువది యేండ్లు గడచినను నాచు తిరిగి మొలవలేదు. 1999లో కాలువలను అడ్డగించి, స్ఫాగ్నమను నాచును తునకలుగ చల్లి, ఎండ తగులకుండ పైన గడ్డి కప్పిరి. మన రైతులు నారుమడిని కాపాడుకొనునట్లు దానిని కాపాడిరి. పదునాలుగేండ్లకు ఆ నేల తాను విడిచెడి కర్బనముకంటె హెచ్చు కర్బనమును లోనికి గ్రహించునదిగ మారినట్లు శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి.

ఇందులో కంటికి కానరాని ప్రాణుల పనియే పెద్దది. నీరు నిండగనే గాలి పీల్చెడి జీవులు తగ్గి, గాలి అక్కరలేని జీవులు హెచ్చును. వానిలో కొన్ని మీథేను అను వాయువును పుట్టించును. అదియు ఆకాశమును వేడెక్కించునదే. కాని నేల పైపొరలోను, నాచు కణములలోను ఉండెడి మరికొన్ని సూక్ష్మజీవులు ఆ మీథేనును చాలవరకు ఆహారముగ తినివేయును. అందువలన నీరు నేలపై లోతుగ నిలువరాదు, లోతునకు దిగిపోనురాదు. నేలమట్టమునకు దాపున నిలుపుట ఉత్తమము. అతివృష్టియు అనావృష్టియు రెండును ఈతిబాధలే యని చెప్పిన మన పూర్వులకు ఈ నియమము వింతగ తోచదు.

ఇక అసలు చిక్కు మనుష్యులది. 17వ శతాబ్దమున నేల ఎండినప్పుడు జాలరి నష్టపడెను. 21వ శతాబ్దమున నేల తడిసినప్పుడు రైతు నష్టపడవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక చేసిన ఉద్ధరణ నిలువదు. తడి నేలలోనే పండెడి జమ్మును, నాచును పండించి అమ్ముకొను సేద్యమును గ్రేట్ ఫెన్‌లో పరీక్షించి చూచుచున్నారు. జమ్ము ఇండ్ల గోడలకు వేడిచలువల నాపెడి పొరలు చేయుటకు పనికివచ్చును. పొట్ట నింపనిదే ఏ ధర్మమును ప్రజలకు రుచింపదు.

ఈ ప్రసంగమున కొల్లేరు స్మరణకు రాక తప్పదు. 634 నాటి ఐహోళె శాసనమున వర్ణితమైన కునాల జలము కొల్లేరే యని చరిత్రకారులు చెప్పుదురు. విటిల్సీ సరస్సును తోడివేసిన మరుసటి సంవత్సరము, 1852లో, ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై మన డెల్టా సస్యశ్యామలమయ్యెను. బుడమేరు, తమ్మిలేరు తెచ్చెడి వరదలను, పొలముల మురుగును కొల్లేరు తన కడుపున దాచుకొని ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పంపుచున్నది. కాలక్రమమున దాని గర్భమున చేపలచెరువుల గట్లు లేచినవి. 1999లో 5 అడుగుల మట్టపుగీత వరకు అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో ఆ గట్లను పెద్దయెత్తున తొలగించిరి. తరువాత పలుచోట్ల గట్లు మరల లేచినవి. ఆ గీతలోపల జిరాయితీ భూములు గలవారును, లంకగ్రామముల జాలరులును తమ జీవనోపాధి మాటేమని అడుగుచునే యున్నారు. ఫెన్సు చరిత్ర చెప్పెడి పాఠమిదే: గట్టు తెగగొట్టుట ఒక దినపు పని, సరస్సును బ్రదికించుట తరముల పని. ఆ తరములు తినుటకు కూడు చూపని ఉద్ధరణ గట్టు మరల లేచుటకే దారితీయును.

గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనెడి ఇరువదియైదేండ్లలో పీటు నేల పెరుగునది 25 మిల్లీమీటర్లు, అనగా ఒక అంగుళము. ఎవ్వరికిని కానరాకుండ, నీటి చాటున, ఒక్కొక్క ఆకును దాచుకొని అది పెరుగును. గ్రంథాలయమును అట్లే పెరిగినది. రెంటికిని శత్రువు ఒక్కటే, ఉపేక్ష. పెద్దలు కూడబెట్టిన నేలను, నీటిని, విద్యను ఖర్చుపెట్టుట సులభము. ఒక్క అంగుళమైనను జమకట్టి పిల్లల కప్పగించుటయే గృహస్థధర్మము.