ఒకే గడియారం కింద: సిస్టమ్ బస్ వేగం పెంచిన కాలం

తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ 6 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. అందులోని 12 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని, అంటే గడియారపు స్పందనలను పుట్టించే భాగాన్ని, తీసివేసి 16 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని అమర్చి కొందరు దానిని 8కి చేర్చుకున్నారు. అయితే విస్తరణ కార్డుల బస్ కూడా అదే స్ఫటికాన్ని అనుసరించేది కనుక, కార్డులు సైతం ఆ వేగాన్ని భరించవలసి వచ్చింది.

ఈ పరాధీనత పూర్తిగా బయటపడింది 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఎ వచ్చిన తరువాతనే. బస్ వేగాన్ని ప్రాసెసర్ వేగంగా మార్చే గుణకాన్ని ఇంటెల్ 4.5 దగ్గర బిగించివేయడంతో, ప్రాసెసర్ మెమరీలకు మధ్య వారధియైన సిస్టమ్ బస్‌ను 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచడమే మిగిలిన దారి అయింది. అలా పెంచితే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450ని అందుకొనేది.

బస్‌తో సమానంగా పరుగెత్తే మెమరీకి పీసీ100 రకం అవసరమయ్యేది. డిస్కు నియంత్రకాన్ని మోసే పీసీఐ బస్ మాత్రం 33 మెగాహెర్ట్జ్ దాటకూడదు. మదర్‌బోర్డు భాగాలను అనుసంధానించే 440బీఎక్స్ చిప్‌సెట్ 66ను రెండుతోనూ, 100ను మూడుతోనూ భాగించి ఆ హద్దును కాపాడేది. విచిత్రమేమంటే, 100 అందుకోలేని ప్రాసెసర్‌తో 83 దగ్గర సర్దుకొన్నవారికే ప్రమాదం ఎక్కువ: భాజకం రెండుగానే ఉంటే పీసీఐ 41.5కు ఎగబాకేది. ప్రాసెసర్ తడబడితే కంప్యూటర్ చాలాసార్లు స్తంభించేది, తిరిగి ప్రారంభిస్తే సరిపోయేది. డిస్కు నియంత్రకం తడబడితే తప్పుడు సమాచారం డిస్కులోనే నిలిచిపోయి, ఫైళ్లు చెడిన సంగతి ఆలస్యంగా తెలిసేది. 133 దగ్గర పీసీఐకి నాలుగు అనే భాజకం ఆదుకొన్నా, 66కు రూపొందిన గ్రాఫిక్స్ మార్గం ఏజీపీ 89కి చేరేది. దానిని కొన్ని కార్డులు తట్టుకొన్నాయి, కొన్ని తట్టుకోలేదు.

2002లో ఎన్‌విడియా ఎన్‌ఫోర్స్2 చిప్‌సెట్ పీసీఐ, ఏజీపీ వేగాలను బస్ నుంచి విడదీసి స్థిరపరచింది. ఇంటెల్ 2011 నాటి శాండీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లతో మళ్లీ ఒకే 100 మెగాహెర్ట్జ్ మూలానికి విస్తరణ కార్డుల పీసీఐ ఎక్స్‌ప్రెస్, డిస్కుల సాటా మార్గాలను సైతం కట్టివేయగా, కొద్ది శాతం పెంపే గగనమైంది. 2015లో స్కైలేక్ తరం ఆ ముడిని విప్పింది; గుణకం బిగించిన చవక ప్రాసెసర్లను బస్ ద్వారా పరుగెత్తించే పాత ఉపాయాన్ని మదర్‌బోర్డు తయారీదారులు కొందరు పునరుద్ధరించగా, 2016 ఆరంభంలోనే ఇంటెల్ దానిని మూయించింది.